బుగతగారి జపాను విన్నపం

గణపతిరావు బుగత తన జీవితంలో తప్పు చేశానని ఒక్కసారైనా అనుకోలేదు. అనుకోవలసిన అవసరం రాలేదు. తప్పులన్నీ ఎదుటివాళ్ళే చేసేవారు. వాటిని ఎత్తిచూపడంతోనే ఆయనకు పొద్దు గడిచిపోయేది.

మా వైపు పొలం పుట్రా ఉన్న రైతును బుగత అంటారు. పొలం కాస్త ఎక్కువుంటే చివర 'గారు' చేరుస్తారు. గణపతిరావు ఇంటికి 'గారు' చేరి రెండు తరాలైంది. కొత్తవలస స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో ఉన్న మా నిమ్మలవలసలో ఆయన అన్న మాట వెనక్కి తీసుకోవడం ఎవరూ చూడలేదు. ఒకసారి సంతలో ఎద్దును కొని తెచ్చారు. ఇంటికొచ్చాక అది గుడ్డిదని తేలింది. "గుడ్డిది కాదు. ఎనకాముందు ఆలోసించి నడుస్తాది" అన్నారు బుగతగారు. ఆ ఎద్దు బతికినన్నాళ్ళూ గోడలకు గుద్దుకుంటూనే ఆలోచించింది. ఊరు దానికి దారి తప్పుకుంటూనే ఒప్పుకుంది.

అరవయ్యేడు ఎండాకాలంలో ఆయన మామిడితోట మూల ఎవరో ఇనప మేకులు దిగేసి, వాటికి ఎర్రగుడ్డ పీలికలు కట్టారు. బైలడిల్లా కొండల నుంచి ఇనపరాయి దించి, విశాఖపట్నంలో ఓడకెత్తి జపానుకు పంపే లైను పనులు జరుగుతున్న రోజులవి. దానికి మా ఊరి పక్కనుంచి సైడింగు, అంటే చిన్న పక్క లైను, ఒకటి వేయాలని అనుకున్నారు. మేకులు దిగేసిన ఓవర్సీరు నరసింగరావు బెజవాడ వైపు మనిషి. మర్యాదస్తుడు.

"బుగతగారూ, మీకొచ్చే నష్టమేమీ లేదండి. ఈ మూల నాలుగు జీడిచెట్లు పోతాయి, అంతే. జపాను ఇంజనీరుగారు కూడా చూసి సరే అన్నారు."

ఆ జీడిచెట్లు ఎప్పుడు కాశాయో చెట్లకే గుర్తులేదు. అటువైపు మేకలు కూడా పోవు. అయినా బుగతగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"సెట్ల మాట ఒగ్గేయి. నన్నడిగేరా?"

"మిమ్మల్నా?"

"మరి తోటెవులిది? నీదా, జపానోడిదా?"

ఆ రోజునుంచి ఆయన ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ప్రతి ఆఫీసులోనూ ఒకే మాట చెప్పారు: పునరాలోచించాలి. ప్రతి ఆఫీసూ ఒకే జవాబు చెప్పింది: పరిశీలిస్తాం. చివరికి ఆయనకు విసుగొచ్చి, అసలు కిటుకు కనిపెట్టారు.

"దేవుడికి సంస్కృతంలో సెబుతాం. ఎందుకూ? ఆయన బాస అది. మరి జపానోడికి ఇంగిలీసు కాయితాలు పెడితే ఆడి సెవికెలగెక్కుతాది? జపానులోనే సెప్పాలి."

ఊరు ఆశ్చర్యపోయింది. దేవుడికీ జపానువాడికీ మధ్య ఉన్న పోలిక అంతవరకూ ఎవరికీ తట్టలేదు.

జపాను తెలిసినవాడు కూడా దగ్గర్లోనే దొరికాడు. స్టేషను ఎదురుగా టీ దుకాణం పెట్టిన జీవరత్నం పుట్టి పెరిగిందంతా రంగూనులో. జపాను సైన్యం రంగూను పట్టుకున్నప్పుడు అతను పదిహేనేళ్ళవాడు. వాళ్ళు పెట్టిన భాష బడికి వెళ్తే బియ్యం ఇస్తారన్నారని వెళ్ళాడు. బియ్యం ఉన్నంతకాలం శ్రద్ధగా చదివాడు. తర్వాత ఎన్నో ఏళ్ళకు బర్మా ప్రభుత్వం మనవాళ్ళను పొమ్మంటే, భార్యనీ బైబిలునీ తెల్ల టోపీనీ తీసుకుని ఓడెక్కి వచ్చేశాడు. ఆ టోపీ పెట్టుకునే టీ కలిపేవాడు. జపాను గురించి ఎవరైనా అడిగితే టోపీ సర్దుకుని, "అదొక సముద్రం" అనేవాడు. ఆ సముద్రంలో తనకు ఎంత లోతు వరకు తెలుసో మాత్రం చెప్పేవాడు కాదు.

అతన్ని ఇంటికి పిలిపించారు. ఇక్కడొక చిక్కు వచ్చింది. జీవరత్నంలాంటివాడు బుగతగారి అరుగెక్కడం ఆ ఇంట్లో లేదు. వాకిట్లో నిలబడే చెప్పమన్నారు. కానీ ఎండ మండిపోతోంది, బుగతగారికి ఒక చెవి మందం. రెండు మాటలయ్యేసరికి ఇద్దరి గొంతూ బొంగురుపోయింది.

"పైకొచ్చి కూకో" అన్నారు బుగతగారు, ఎటో చూస్తూ. "సదువు సెప్పేవోడికి అంటూ సొంటూ నేదు. శాస్త్రంలోనే ఉన్నాది."

ఏ శాస్త్రంలో ఉందో భార్య జగ్గమ్మ అడగలేదు. బల్ల తెచ్చి వేసింది.

"బాబూ, కంగాయె అంటే ఆలోసన" అని మొదలుపెట్టాడు జీవరత్నం. "నావోసు అంటే బాగుసెయ్యడం. సైకిలు పాడైపోతే బాగుసేస్తాం గదా, అదీ నావోసే. జబ్బు నయంసేసినా నావోసే. రెండూ కలిపితే కంగాయె నావోసు. ఆలోసనని బాగుసెయ్యడం."

బుగతగారు ఉలిక్కిపడ్డారు. "అంటే నీ ఆలోసన పాడైపోనాది, బాగుసేసుకో అని ఆడి మొకం మీదే సెప్పాలా? తిట్టినట్టు అవదేటి?"

"అవుద్ది బాబూ. అందికే కుదసాయ్ అని ఎనకాల తగిలించాల. దయసేసి అని. కంగాయె నావోషితె కుదసాయ్. అలగన్నాక నడుం వొంచాల."

"ఎవులు వొంచాల?"

"తవరే."

గణపతిరావు నడుం గుడిలో తప్ప ఎక్కడా వంగలేదు. గుడిలో కూడా, వంగినందుకు దేవుడు ఏదో ఒకటి చెయ్యాలన్నట్టుండేది. రెండు రోజులు ఆలోచించి, నడుం వంచడమంటే కింద పడ్డ కండువా తీసుకోవడంలాంటిదే అని తీర్మానించుకున్నారు. పొద్దున్నే పెరట్లో కండువా పడేసుకుని, "కంగాయె నావోషితె కుదసాయ్" అంటూ వంగి తీసుకునేవారు. మొదట్లో 'కంగారు నవిసితే కుదరదోయ్' అని వచ్చేది. తలుపు వెనక నిలబడి వింటున్న కూతురు పద్మకుమారి నోటికి ఓణీ అడ్డం పెట్టుకుని నవ్వేది. పాఠం మొదలైన మూడో రోజుకే ఆ మాట ఆ పిల్లకు వచ్చేసింది. తండ్రికి ఇంకా చాలా రోజులు పట్టింది.

ఒక శుక్రవారం మంచి ఘడియ చూసుకుని, జీవరత్నాన్ని వెంటబెట్టుకుని ఇంజనీరు బసకు వెళ్ళారు. జపాను ఇంజనీరు పేరు మోరికావా. సన్నగా, ఇస్త్రీ చెదరని చొక్కాతో ఉండే మనిషి. బుగతగారు గుమ్మంలోనే కండువా కింద పడేసి, వంగి, మాట పూర్తిగా, తప్పులేకుండా అన్నారు.

మోరికావా కళ్ళు పెద్దవయ్యాయి. అతను కూడా వంగాడు. తనకంటే వాడు ఎక్కువ వంగాడని బుగతగారు ఇంకాస్త వంగారు. అతనూ ఇంకాస్త వంగాడు. ఇలా కొంతసేపు నడిచాక, బుగతగారి నడుం పట్టేయడంతో పోటీ ఆగింది. జీవరత్నం ఆయన్ని పట్టుకుని నిలబెట్టి, మూల, జీడిచెట్లు, మేకులు అని తనకు తెలిసిన జపానులో వివరించాడు. మోరికావా అంతా శ్రద్ధగా విని, పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చి, తల ఒక పక్కకు వంచి, "కెంతో శిమాస్" అన్నాడు.

"ఏటన్నాడు?"

జీవరత్నం ఒక్క క్షణం టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "పరిశీలిస్తానన్నాడు బాబూ."

"సూసేవా! మనోళ్ళూ పరిశీలిస్తామన్నారు గాని, ఇలగ వొంగి అన్నారేటి?"

తోట గెలిచినట్టే ఊళ్ళోకి వచ్చారు. ఊరి దేవత మరిడమ్మకు గొర్రెపోతును వేసి, ఊరందరికీ కూర పంచారు. మేకులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. "పీకడానికి మనుసులు రావాల గదా, జపాను నుంచి" అన్నారు బుగతగారు.

అప్పట్నుంచి ఆయన నోట 'కెంతో' ఊతపదమైపోయింది. పాలేరు సోములు వచ్చి, ఊరి పక్కన పారే గెడ్డకు పోయే దారికి అడ్డంగా వేసిన కంచె తీయించమని అడిగాడు. ఆడాళ్ళు నీళ్ళ బిందెలతో ఊరు చుట్టి వస్తున్నారన్నాడు. బుగతగారు పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చి, తల ఒక పక్కకు వంచి, "కెంతో శిమాస్" అన్నారు. సోములు దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆడాళ్ళు ఊరు చుట్టి వస్తూనే ఉన్నారు.

జీవరత్నం టీ దుకాణానికి పాలు బుగతగారింటి నుంచే పోయేవి. ఒకరోజు పాలకు వచ్చినప్పుడు బుగతగారు ఇంట్లో లేరు. జగ్గమ్మ అడిగింది.

"జీవరత్నం, నిజం సెప్పు. ఆ మేకులు తీస్తారా?"

అతను చుట్టూ చూశాడు. "అమ్మా, బాబుతో సెప్పడానికి నాకు దైర్నెం సాలనేదు. రంగూన్లో జపానోళ్ళు మా అయ్య సైకిలు అట్టుకుపోయేరు. మా అయ్య ఆపీసరు కాడికెల్లి, తిరిగి ఇచ్చీమని బతిమాలేడు. ఆ ఆపీసరు ఎంతో మరేదగా వొంగి, కెంతో శిమాస్ అన్నాడు. మా అయ్య బతికినన్నాళ్ళు సైకిలు బెల్లు ఇనపడితే వాకిట్లోకొచ్చి సూసేవోడు."

"మరి వచ్చిందా?"

"మరేదస్తులు నేదని ఎలగంతారు తల్లీ? కెంతో అంతారు."

పక్కన బియ్యం ఏరుతున్న పద్మకుమారి చెయ్యి చేటలోనే ఆగిపోయింది. ఆ పిల్లకు అప్పుడే విజయనగరంలో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చింది. ఎస్సెల్సీలో మా చుట్టుపక్కల వలసల్లో ఎవరికీ రానన్ని మార్కులు తెచ్చుకుంది. ఆ కబురు విని తండ్రి అన్న మాట ఒక్కటే: "బుగతోరి ఆడగుంట ఊరి పిల్లగుంటలకి పాటాలు సెప్తాదా? నేదు." అప్పటికి ఆయనింకా తెలుగులోనే లేదనేవారు.

చేరవలసిన రోజు దగ్గర పడింది. ఆ సాయంత్రం బుగతగారు భోంచేసి, తాంబూలం వేసుకుని, సంతోషంగా ఉన్నప్పుడు పద్మకుమారి వచ్చి ఎదురుగా నిలబడింది. ఓణీ సర్దుకుని, నడుం సగానికి వంచి, "కంగాయె నావోషితె కుదసాయ్, నాన్నా" అంది.

బుగతగారు మురిసిపోయారు. "ఓసి నీ అమ్మ! నాకన్నా బాగంతన్నావే! మల్లీ అను."

పద్మకుమారి మళ్ళీ అంది. తర్వాత తెలుగులో చెప్పింది. "టైనింగు మాట, నాన్నా. సోమారం సేరాల. మల్లీ ఒక్కపాలి ఆలోసించు. నాకు సదువుకోవాలనుంది."

ఆయన నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చారు. తల ఒక పక్కకు వంచారు.

"కెంతో శిమాస్."

ఆ మాట అసలు అర్థం ఆయనకు ఎవరూ చెప్పలేదు. అయినా ఎలా వాడాలో మాత్రం సరిగ్గా పట్టుకున్నారు. పద్మకుమారి తల్లి వైపు చూసింది. జగ్గమ్మ లోపలికి వెళ్ళి, తన పెళ్ళినాటి ట్రంకుపెట్టె మీద దుమ్ము తుడిచింది.

అప్పటికే వానలు మొదలై చాలా రోజులైంది. మేకుల చుట్టూ గడ్డి మొలిచింది. జపాను నుంచి మేకులు పీకే మనుషులు రాలేదు. బుగతగారు జీవరత్నం మీద ఇంతెత్తున లేచారు.

"నువ్వు సెప్పిన మాట పనిసేసినట్టు నేదు. అంతకన్నా గట్టి మాట నేదేటి?"

జీవరత్నం భయపడి, బడిలో నేర్చినదంతా తిరగేశాడు. "ఉన్నాది బాబూ. మినావోషితె కుదసాయ్. మళ్ళీ వచ్చి కళ్ళారా సూడమని. ఆలోసనని బాగుసెయ్యడం కాదు, సూపునే బాగుసెయ్యడం."

"మరి ముందే సెప్పవేం? కళ్ళారా సూస్తే నా బాద ఆడికే తెలుస్తాది."

మర్నాడే బసకు వెళ్ళి ఆ మాట అన్నారు. మోరికావా కాదనలేదు. ఆ సోమవారం పొద్దున జీపులో వచ్చాడు. వెనకాల నరసింగరావు, మూడుకాళ్ళ దుర్భిణీ. ఊరంతా తోటకు చేరింది. జపానువాడు తోట చూడటం కన్నా బుగతగారు వంగడం చూడాలన్నదే ఎక్కువమంది కోరిక.

బుగతగారు ఆ రోజు మంచి ఊపు మీదున్నారు. ఇంజనీరును చెయ్యి పట్టుకుని మూలకు తీసుకెళ్ళారు. నిన్నటి వానకు అక్కడ చీలమండల లోతు నీళ్ళు.

"సెప్పు జీవరత్నం. వానాకాలం గెడ్డ పొంగితే ఇక్కడ మొల్లోతు నీళ్ళు నిలబడతాయని సెప్పు. మట్టంతా బురద. మా తాత కాలంలో ఒక బండి దిగబడిపోయి, ఇరుసు మట్టుకే దొరికిందని సెప్పు. ఇలాటిసోట రైలెలగ నిలుస్తాది? ఇంజినీరంటే ఆ మాత్రం తెలవదేటి? ఈ ఆకరి మాట సెప్పకు."

జీవరత్నం చెప్పాడు. మోరికావా బూట్లు విప్పి, పంట్లాం మడిచి, నీళ్ళలోకి దిగాడు. కర్ర పెట్టి పొడిచాడు. కర్ర సగం దిగబడింది. "నరుహొదో, నరుహొదో" అన్నాడు తల ఊపుతూ.

"నరుకుతానంతాడేటి?" అన్నారు బుగతగారు కంగారుగా.

"కాదు బాబూ. అలగా, ఇప్పుడు తెలిసింది అంతన్నాడు."

"అలగ రా దారికి!" బుగతగారు ఊరివైపు తిరిగి మీసం దువ్వుకున్నారు.

మోరికావా దుర్భిణీ ఎత్తించాడు. దాన్ని తోటలో ఎత్తుగా ఉన్నచోటికి తెప్పించి, అటూ ఇటూ చూశాడు. నరసింగరావుతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. నరసింగరావు ముఖం వాడిపోయింది. తర్వాత మోరికావా బుగతగారి దగ్గరకు వచ్చి, ఇదివరకటికంటే లోతుగా వంగి, పొడుగాటి మాట ఒకటి చెప్పాడు. జీవరత్నం టోపీ తీసేశాడు. ఈసారి మళ్ళీ పెట్టుకోలేదు.

"ఏటంతన్నాడు? సెప్పవేం?"

"తవరికి శానా రునపడిపోయేనంతన్నాడు బాబూ. సర్వే ఎండాకాలంలో సేసీసేరట. నీళ్ళ సంగతి తెలవదట. తవరు సెప్పకపోతే లైను కుంగిపోయేదట."

"మరి మేకులు?"

"ఆ మూల తీసెయ్యమన్నాడు."

ఊరంతా ఈల వేసింది. ఆ గోలలో నరసింగరావు కూలీలు వచ్చి, మూలనున్న మేకులు నిజంగానే పీకారు. వాటిని మోసుకెళ్ళి, గట్టి నేల చూసుకుని, తోట నడిబొడ్డున, సువర్ణరేఖ మామిళ్ళ వరసలో ఈ చివరనుంచి ఆ చివరకు దిగేశారు. సుత్తి దెబ్బలు వినబడుతుంటే ఈలలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఇదేటి?" అన్నారు బుగతగారు.

"మీరు అడిగినట్టే పునరాలోచించారండి" అన్నాడు నరసింగరావు. అతని గొంతులో వెటకారం లేదు. పాపం, అతనికి నిజంగానే బాధగా ఉంది. "ఇంత పెద్ద మనసున్న రైతును ఎక్కడా చూడలేదన్నారు. రిపోర్టులో కూడా రాస్తారట."

ఆ మామిళ్ళు బుగతగారి తండ్రి నాటినవి. పీలికలు కట్టిన మేకుల మధ్య ఆయన ఒక చెట్టు మొదలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. కండువా జారి నేలమీద పడింది. వంగి తీసుకోలేదు. ఆ క్షణంలో ఆయన్ని చూసి నవ్వినవాళ్ళు ఎవరూ లేరు. తర్వాత చాలా ఏళ్ళు నవ్వారు గాని, అప్పుడు నవ్వలేదు.

ఇంటికొచ్చి, మంచినీళ్ళు తెమ్మని కూతుర్ని కేకేశారు. జగ్గమ్మ తెచ్చింది.

"పద్మేదీ?"

"పొద్దున పాసింజరుకెల్లిపోనాది. విజయనారం. నానే టేసనుకి అంపించీసేను."

"ఎవుల్నడిగి?"

"మిమ్మల్ని అడిగింది గదా. కెంతో అన్నారు." జగ్గమ్మ చెంబు అందించింది. "నాను మల్లీ ఆలోసించేను. మీకు తీరుబాటు నేదని."

ముప్పై ఏళ్ళ కాపురంలో జగ్గమ్మ ఇంత పొడుగు మాట చెప్పడం అదే మొదలు. ఆయన చెంబెడు నీళ్ళూ తాగి, మర్నాడు తెల్లవారి బండికి విజయనగరం వెళ్తున్నానని, పిల్లను జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తానని చెప్పారు. అరుగు మీద, అందరూ వినేలా.

వెళ్ళారు కూడా. ట్రైనింగు స్కూలు వరండాలో హెడ్మిస్ట్రెస్ జ్ఞానసుందరిగారు, పిల్లల్ని దింపడానికి వచ్చిన పదిమంది తండ్రులతో మాట్లాడుతున్నారు. ఈయన పేరు చెప్పగానే ఆమె లేచి నిలబడ్డారు.

"పద్మకుమారి తండ్రిగారా? రండి రండి. చూడండయ్యా, మార్కుల్లో మొదటి పిల్ల వీరి అమ్మాయే. అంత భూమి ఉండి కూడా ఆడపిల్లను ఉద్యోగానికి చదివిస్తున్నారు. ఊరికి ఇలాంటి తండ్రి ఒక్కరుంటే చాలు కదా!"

పదిమంది తండ్రులూ ఈయన వైపు తిరిగి నమస్కారం పెట్టారు. ఈడ్చుకుపోవడానికి వచ్చిన చెయ్యి దానంతటదే పైకి లేచి, ఇంకో చేతితో కలిసింది.

"మరేటనుకున్నారు" అన్నారు బుగతగారు.

పద్మకుమారి పరుగున వచ్చి, తండ్రిని చూసి స్తంభం వెనక ఆగిపోయింది. ఆయన దగ్గరకు వెళ్ళారు.  పిల్ల ఏడుపు మింగుతోందని కనబడింది.

"తిండదీ బాగుందా?"

"పప్పులో నీళ్ళెక్కువ, నాన్నా."

"ఆ మాట ఆవిడతో నాను సెప్తాను. నువ్వు సెప్పకు. సదువు సూసుకో" అన్నారు. కండువా సర్దుకుని, "తోట మద్దినుంచి రైలొస్తాది" అన్నారు. పద్మకుమారి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు.

సాయంత్రం బండి దిగి ఊళ్ళోకి వచ్చేసరికి అరుగు నిండా జనం. పిల్ల కోసం వెతుకుతున్న ఆ చూపులను బుగతగారు అలవోకగా దాటుకుంటూ వెళ్ళి కుర్చీలో కూచున్నారు.

"సేర్పించీసి వస్తన్నాను" అన్నారు. "ఆడపిల్లకి సదువుండాలని నాను మొదట్నుంచీ అంతన్నదే. హెడ్మేష్టరమ్మ లేచి నిలబడీసింది. అడగండి, మా ఇంట్లోదాన్నే అడగండి."

అందరూ వాకిట్లోకి తిరిగారు. జగ్గమ్మ కుడితి గోలెం దగ్గర తడిచేతులు చీరకు తుడుచుకుంది.

"అవును" అంది. "ఈయనే సేర్పించేరు. నాను సాచ్చికం."